మూగజీవి చేసిన గాయానికి జవాబుదారు ఎవరు?
(ఇస్లామీయ ధర్మశాస్త్ర చరిత్రలో ఒక అధ్యాయం)

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించగా ఇమామ్ బుఖారీ, ఇమామ్ ముస్లిం తమ గ్రంథాలలో పొందుపరచిన ఒక హదీసులో దైవప్రవక్త (స) మూగజీవి కలిగించే గాయాన్ని 'జుబార్' అని నిర్ణయించారు. జుబార్ అంటే పరిహారం రాబట్టడానికి వీలులేనిది అని అర్థం. బావిలో జరిగే ప్రమాదానికీ, గనిలో జరిగే ప్రమాదానికీ అదే నియమమని ఆ హదీసులోనే ఉంది. భూమిలో దొరికే పాతనిధిలో అయిదవ వంతు చెల్లించాలన్న ఆదేశంతో అది ముగుస్తుంది.

ఈ హదీసులోని మొదటి మాట కాలక్రమాన ఒక న్యాయసూత్రంగా స్థిరపడింది. సామెతలా జనం నోళ్లలో నానింది. సామెతగా మారిన మాటకు ఒక ప్రమాదం ఉంటుంది. దాని సందర్భం మరుగున పడిపోయి, అవసరానికి వాడుకొనే సాకుగా అది మిగిలిపోతుంది. వీధిలో పోయే పసివాణ్ణి పెంపుడు కుక్క కరిచినప్పుడు "అది నోరులేని జంతువు, దానికేం తెలుసు?" అంటూ యజమాని తప్పుకోజూస్తాడు. జంతువుకు తెలియదన్న మాట నిజమే. కాని యజమానికి తెలుసునా, తెలియదా? ధర్మశాస్త్రవేత్తలు శతాబ్దాల పాటు చర్చించింది ఈ రెండవ ప్రశ్నను గురించే. ఆ చర్చను ఆదినుంచి పరిశీలిస్తే, పై హదీసు అజాగ్రత్తగా ఉండే యజమానికి డాలుగా ఏనాడూ ఉద్దేశించబడలేదని స్పష్టమవుతుంది.

ఇస్లాంకు పూర్వం

ఈ సమస్య మానవ నాగరికతంత పాతది. బాగ్దాదు శివార్లలోని తల్ హర్మల్ దిబ్బలో 1945, 1947 సంవత్సరాలలో జరిగిన తవ్వకాలలో రెండు మట్టిపలకలు బయటపడ్డాయి. వాటిపై ఎష్నున్నా అనే ప్రాచీన రాజ్యపు శాసనాలున్నాయి. అవి బాబిలోను రాజు హమ్మురాబీ శాసనాల కంటే కొంచెం ముందువని పండితుల అభిప్రాయం. కరిచే కుక్క గురించి ఆ శాసనాలలో ఒక నియమం ఉంది. కుక్క కరుస్తుందని పేట అధికారులు యజమానికి తెలియజేసి ఉండి, అయినా అతడు దానిని కట్టడిలో ఉంచకపోగా, అది ఒక మనిషిని కరిచి చంపితే, యజమాని 40 షెకెళ్ల వెండి చెల్లించాలి. చనిపోయినవాడు బానిస అయితే 15 షెకెళ్లు చాలు. హమ్మురాబీ శాసనాలలో కుమ్మే ఎద్దు విషయంలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. దారిన పోతూ పోతూ ఎద్దు ఒకణ్ణి పొడిచి చంపితే దావాకు తావులేదు. అది కుమ్ముతుందని ముందే హెచ్చరించినా యజమాని దానిని అదుపులో పెట్టకపోతే మాత్రం అతడు వెండి రూపంలో పరిహారం చెల్లించాలి.

యూదుల ధర్మగ్రంథమైన నిర్గమకాండంలో మరొక అంశం చేరింది. మనిషిని చంపిన ఎద్దును రాళ్లతో కొట్టి చంపాలి, దాని మాంసం తినరాదు. అది కుమ్మే ఎద్దని ఎరిగి కూడా కాపాడుకోని యజమాని కూడా శిక్షకు పాత్రుడే. రోమను చట్టంలో యజమానికి రెండు దారులుండేవి: నష్టం చెల్లించడం, లేదా హాని చేసిన జంతువును బాధితునికి అప్పగించివేయడం. ఈ విధానాలన్నింటిలో జంతువే కొంతవరకు ముద్దాయి స్థానంలో నిలబడుతుంది. ఐరోపాలో ఈ భావన చాలాకాలం కొనసాగింది. 1386లో ఫ్రాన్సు దేశంలోని ఫలేజ్ పట్టణంలో ఒక శిశువును చంపిన పందిని విచారించి ఉరితీశారు.

ఈ నేపథ్యంలో చూస్తే హదీసులోని 'జుబార్' అన్న మాట విలువ తెలుస్తుంది. బుద్ధీ బాధ్యతా లేని ప్రాణి నేరస్థురాలు కాజాలదు. దాని చేష్టను దాని నేరంగా పరిగణించి లెక్క చూడడం అర్థంలేని పని. ధర్మం జవాబు అడిగేది వివేకం కలవాణ్ణి మాత్రమే. హదీసు జంతువును బోనులోనుంచి తప్పించింది. ఖాళీ అయిన ఆ చోటికి మనిషి రావలసిన సందర్భాలు ఏవి అన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

పొలంలో పడిన జీవాలు

ఆ ప్రశ్నకు మొదటి జవాబు దివ్య ఖుర్ఆన్‌లోనే ఉంది. ఒక జనుల జీవాలు రాత్రివేళ ఇంకొకరి చేనులో పడి మేసిన తగాదాలో హజ్రత్ దావూద్ (అలైహి), ఆయన కుమారుడు హజ్రత్ సులైమాన్ (అలైహి) ఇచ్చిన తీర్పుల ప్రస్తావన అంబియా సూరా 78, 79 ఆయతులలో వస్తుంది. వ్యాఖ్యాతల వివరణ ప్రకారం, పంట నష్టానికి బదులుగా ఆ జీవాలను చేనుగల వానికి ఇచ్చివేయాలని హజ్రత్ దావూద్ (అలైహి) తీర్పు చెప్పారు. హజ్రత్ సులైమాన్ (అలైహి) వేరొక మార్గం సూచించారు. జీవాలను చేనుగలవాడు తీసుకొని వాటి పాలు, ఉన్ని అనుభవించాలి. జీవాల యజమాని చేనును సాగుచేసి, పంటను పూర్వస్థితికి తేవాలి. ఆ తరువాత ఎవరి సొత్తు వారికి అప్పగించుకోవాలి. ఇద్దరికీ వివేకాన్నీ జ్ఞానాన్నీ ప్రసాదించామని అల్లాహ్ సెలవిస్తూనే, హజ్రత్ సులైమాన్ (అలైహి)కు ఆ వ్యవహారాన్ని అవగతం చేశామని ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

ఇక్కడ గమనించవలసిన సంగతులు రెండున్నాయి. మేసిన జీవాలను ఎవరూ నిందించలేదు. అయినా చేనుగలవాడు నష్టపోయి ఇంటికి వెళ్లలేదు. పాడైన దానిని బాగుచేసే భారం జీవాల యజమాని భుజాన పడింది.

ఇటువంటి సంఘటనే మదీనాలో జరిగింది. హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) గారి ఆడ ఒంటె ఒకటి ఒకరి తోటలో జొరబడి పాడుచేసింది. పగటిపూట తోటలను కాపాడుకోవడం తోటల యజమానుల బాధ్యత అనీ, రాత్రివేళ పశువులు చేసిన నష్టం పశువుల యజమానులపై ఉంటుందనీ దైవప్రవక్త (స) తీర్పు చెప్పారు. ఈ ఉల్లేఖనం ఇమామ్ మాలిక్ 'ముఅత్తా'లోనూ, 'సుననె అబూ దావూద్'లోనూ ఉంది.

ఈ తీర్పుకు పల్లె జీవితమే పునాది. పగలు పశువు మేతకు పోతుంది, రైతు చేనువద్ద ఉంటాడు. రాత్రి రైతు నిద్రపోతాడు, పశువు కొట్టంలో ఉండాలి. ఎవరు మెలకువగా ఉండవలసిన వేళలో నష్టం జరిగితే వారిదే పూచీ. మాలికీ, షాఫయీ, హంబలీ విద్వాంసులు ఈ విభజనను స్వీకరించారు. ఒక ప్రాంతంలో ఆచారం తారుమారుగా ఉండి, పశువులను పగలు కట్టివేసి, చేలను రాత్రివేళ కాపాడుకొనే అలవాటుంటే, తీర్పు కూడా తారుమారవుతుందని షాఫయీ విద్వాంసులు వివరించారు. అంటే వారి దృష్టిలో ప్రధానమైనది రాత్రీ కాదు, పగలూ కాదు, తగిన కాపుదల.

హనఫీలు ఇందుకు భిన్నంగా 'జుబార్' హదీసునే సామాన్య నియమంగా గ్రహించారు. తనంతట తాను తప్పించుకుపోయిన పశువు రాత్రి చేసినా, పగలు చేసినా యజమానిపై బాధ్యత లేదన్నారు. పైకి ఇది యజమానికి అనుకూలమైన మాటగా తోస్తుంది. కాని పశువుతో మనిషి కూడా ఉన్నప్పుడు హనఫీ ధర్మశాస్త్రం ఎంత నిక్కచ్చిగా ఉంటుందో చూస్తే ఈ అభిప్రాయం మారక తప్పదు.

బాట అందరిదీ

హిజ్రీ 593 (క్రీ.శ. 1197)లో మరణించిన బుర్హానుద్దీన్ మర్గీనానీ రచించిన 'హిదాయా' హనఫీ ధర్మశాస్త్రానికి మూలస్తంభాల వంటి గ్రంథాలలో ఒకటి. నేటికీ మన దేశపు మద్రసాలలో దానిని పాఠ్యగ్రంథంగా చదువుతున్నారు. జంతువులు చేసే హానిని గురించి అందులో ఒక ప్రత్యేక ప్రకరణం ఉంది. ఆ చర్చ అంతటికీ ఆధారం ఒకే సూత్రం. బాటపై నడిచే హక్కు ప్రతివారికీ ఉంది. అయితే తప్పించడానికి వీలైన హాని ఇతరులకు కలగరాదన్న షరతు ఆ హక్కుతోపాటే ఉంది.

ఈ సూత్రం నుంచి వివరాలు వెలువడతాయి. స్వారీ చేస్తున్న వాని గుర్రం ఎవరినైనా తొక్కినా, కరిచినా, తలతోనో ముందుకాలితోనో కొట్టినా రౌతు బాధ్యుడు. ఎందుకంటే అది అతని కళ్లెదుట, కళ్లెపు పట్టులో ఉన్న భాగం. నడుస్తూ వెనుకకాలితో తన్నినా, తోకతో కొట్టినా బాధ్యత లేదు. దానిని ఆపడం అతని చేతిలో లేదు. కాని ఆ గుర్రాన్నే నడిబాటలో నిలిపి ఉంచితే, అప్పుడు తన్నిన తన్నుకు కూడా అతడే బాధ్యుడు. తన్నకుండా ఆపలేకపోవచ్చు, అక్కడ నిలపకుండా ఉండవచ్చు గదా! గిట్టల తాకిడికి చిన్న గులకరాయి ఎగిరి ఒకరి కన్ను పోతే రౌతుపై బాధ్యత లేదు; పెద్ద రాయి ఎగిరితే ఉంది. ఒంటెల వరుసను నడిపించుకుపోయేవాడు ఆ వరుసలోని ఒంటె తొక్కిన నష్టానికి బాధ్యుడు. ప్రతి ఉదాహరణలోనూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది అతడు తప్పించగలిగినదేనా?

యజమాని కుక్కను వదిలి, దాని వెంట ఉండి ఉసిగొల్పక ఊరుకొంటే, అది చేసిన నష్టానికి అతడు బాధ్యుడు కాడన్నది హిదాయాలోని సామాన్య నియమం. అయితే ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ప్రముఖ శిష్యుడూ, అబ్బాసీ ఖలీఫాల కాలంలో బాగ్దాదు ప్రధాన ఖాజీగా పనిచేసినవారూ అయిన ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) ఇటువంటి సందర్భాలన్నింటిలోనూ పరిహారం ఇప్పించాలన్నారని ఆ గ్రంథమే పేర్కొంటున్నది. ప్రజల సొత్తుకు రక్షణ కల్పించాలన్న ముందుజాగ్రత్తే ఆయన చూపిన కారణం. ఎల్లకాలం తగాదాలు వింటూ కూర్చున్న న్యాయాధికారి నోట ఈ మాట రావడంలో ఆశ్చర్యమేమీ లేదు.

కరిచే కుక్క

ఇక కరిచే అలవాటుగల కుక్క విషయం. అరబీలో దీనిని 'కల్బె అఖూర్' అంటారు. వేట, పశువుల కాపు, పంట కాపు వంటి అవసరాలకు కుక్కను ఉంచుకోవడానికి హదీసులలో అనుమతి ఉంది. శిక్షణ పొందిన వేటకుక్క పట్టి తెచ్చిన దానిని గురించి మాయిదా సూరా నాలుగవ ఆయతులో ఆదేశాలున్నాయి. దప్పికతో అలమటిస్తున్న కుక్కకు నీరు పోసిన వ్యక్తి క్షమాభిక్షకు పాత్రుడయ్యాడన్న హదీసు ఎరుగని ముస్లిం ఉండడు. ఈ పక్క ఇంత దయ ఉంది. ఆ పక్క ఇహ్రాం స్థితిలో సైతం చంపడానికి అనుమతి ఉన్న హానికర జీవుల జాబితాలో కరిచే కుక్క ఉంది. ఈ రెండింటి నడుమ యజమాని బాధ్యత నిలుస్తుంది.

హిజ్రీ 620 (క్రీ.శ. 1223)లో మరణించిన హంబలీ పండితుడు ఇబ్నె ఖుదామా తన 'ముగ్నీ'లో ఈ సంగతి విపులంగా చర్చించారు. కరిచే కుక్కను ఉంచుకొని వదిలిపెట్టినవాడు, అది పగలు కరిచినా రాత్రి కరిచినా, మనిషిని కరిచినా పశువును కరిచినా, చివరకు బట్టలు చింపినా బాధ్యుడే. దానిని ఉంచుకోవడమే అతని తప్పు. అనుమతి లేకుండా ఇంట్లో జొరబడిన వానిని కరిస్తే పరిహారం లేదు, జొరబడినవానిదే అపరాధం. అనుమతితో వచ్చిన అతిథిని కరిస్తే ఇంటివాడు ఇచ్చుకోవలసిందే. ఇక్కడ రాత్రి, పగలు అన్న భేదం చెరిగిపోయింది. అపాయమని తెలిసిన జంతువుకు కాపుదల లేని వేళంటూ ఉండదు. షాఫయీ ఇమామ్ నవవీ పిల్లి విషయంలో కూడా ఇదే అభిప్రాయాన్ని సరియైనదిగా ఎంచారు. పక్షులను చంపడం, ఆహారం పాడుచేయడం ఆ పిల్లికి అలవాటని తెలిసి ఉంటే, యజమానిదే బాధ్యత, తెలియకపోతే లేదు.

హనఫీ విద్వాంసులు ఇక్కడ ఒక ముఖ్యమైన మెట్టు చేర్చారు. దారిన పోయేవారినందరినీ కరిచే కుక్క ఒకనికి ఉంటే, ఊరివారు దానిని చంపివేయవచ్చు. అది కరిచి ఒకరు చనిపోతే, అంతకుముందే యజమానికి హెచ్చరిక అందిందా లేదా అని చూడాలి. అందకపోతే అతనిపై పరిహారం లేదు; అందిన తరువాత అయితే ఉంది. దీనికి వారు చూపిన పోలిక బాటవైపు ఒరిగిన గోడ. గోడ తనంతట తాను కూలింది, యజమాని కూల్చలేదు. కాని అది ఒరిగిందని చెప్పి, తీసివేయమని అడిగిన తరువాత కూడా, వ్యవధి ఉండి ఊరుకున్నాడు గనుక అతడు బాధ్యుడు. హిదాయాలో ఈ గోడను గురించి చెప్పిన మాటలు మననం చేసుకోదగినవి. ఆ హెచ్చరిక చేసే హక్కు ముస్లిముకూ ఉంది, జిమ్మీకీ ఉంది, పురుషునికీ ఉంది, స్త్రీకీ ఉంది. ఎందుకంటే బాటపై నడకలో అందరూ భాగస్వాములే. సాక్షులను పెట్టుకోవడం షరతు కాదు. యజమాని తరువాత కాదంటే రుజువు చేయడానికి అది అక్కరకు వస్తుంది.

ఎష్నున్నా మట్టిపలకల నాటి హెచ్చరిక నియమం మళ్లీ అదే ఇరాక్ గడ్డపై ఫఖీహుల నోట వినిపించడం కాకతాళీయంగా తోస్తుంది. ఆ పలకలు అప్పటికి మట్టిలో కప్పబడి ఉన్నాయి; వాటిని చూసి నేర్చుకున్నారనడానికి వీలులేదు. అయితే ఒక భేదం ఉంది. అక్కడ హెచ్చరించేది పేట అధికారి. ఇక్కడ, గోడ విషయంలో చెప్పినట్లు, బాటన నడిచే ఏ సామాన్యుని మాటకైనా అదే బలం ఉంది. మరొక భేదం అంతకంటే పెద్దది. అక్కడ జంతువు గురించి యజమానికి తెలుసునా అన్నదానితోపాటు చచ్చినవాడు ఎవడన్నది కూడా వెలను నిర్ణయించింది. ఇక్కడ చర్చ ప్రధానంగా యజమాని ఎరుక చుట్టూ తిరిగింది.

గ్రంథాల నుంచి శాసనాలకు

ఔరంగజేబు పాలనలో (1658–1707) పలువురు ఉలమాలు కలిసి కూర్చిన 'ఫతావా ఆలంగీరీ' ద్వారా ఈ హనఫీ నియమాలు మన దేశపు న్యాయస్థానాలకు చేరువయ్యాయి. హిదాయాను చార్లెస్ హామిల్టన్ ఫార్సీ అనువాదం ఆధారంగా ఇంగ్లీషులోకి తెచ్చి 1791లో ప్రచురించాడు. ఈస్టిండియా కంపెనీ న్యాయాధికారులు ఇటువంటి గ్రంథాలపై ఆధారపడ్డారు. తెలుగు జిల్లాలు చేరి ఉన్న మద్రాసు రాజధానిలో సైతం, క్రిమినల్ వ్యవహారాలకు సవరణలతో కూడిన ఇస్లామీయ శిక్షాన్యాయమే 1860 నాటి భారత శిక్షాస్మృతి అమలులోకి వచ్చేవరకు ఆధారంగా ఉండింది.

ఆ శిక్షాస్మృతి 289వ సెక్షను, తన అధీనంలోని జంతువు వల్ల మనిషి ప్రాణానికో, తీవ్రమైన గాయానికో అవకాశం ఉందని తెలిసి గాని, అలసత్వం వల్ల గాని తగిన జాగ్రత్త తీసుకోనివానిని శిక్షార్హునిగా చేసింది. 2024 జూలై 1న ఆ స్మృతి స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షను అదే నియమాన్ని నిలిపి ఉంచింది. ఆరు నెలల వరకు జైలు, లేదా అయిదు వేల రూపాయల వరకు జుర్మానా, లేదా రెండూ విధించవచ్చు. ఇక మేత పశువుల తగాదాలకు 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం వచ్చింది. పంట మేసిన పశువును బందెలదొడ్డికి తోలే పద్ధతి మన పల్లెల్లో పెద్దలకు ఎరుకే.

ఉస్మానీ సామ్రాజ్యంలో అహ్మద్ జవదత్ పాషా నాయకత్వాన 1869–1876 మధ్య వెలువడిన 'మజల్లా' హనఫీ న్యాయాన్ని 1851 నిబంధనలుగా క్రోడీకరించింది. దాని 94వ నిబంధన 'జుబార్' సూత్రమే. 929వ నిబంధన ఆ సూత్రపు హద్దులు చెబుతుంది. తన పశువు ఇతరుల సొత్తు తింటుండగా చూసి కూడా ఆపనివాడు నష్టం ఇచ్చుకోవాలి. కుమ్మే ఎద్దు, కరిచే కుక్క వంటి వాటి యజమానికి, ఆ పేటవాడో ఊరివాడో ఒకడు "నీ జంతువును కట్టివేయి" అని ముందుగా చెప్పి ఉండగా, అతడు వదిలివేసి నష్టం కలిగిస్తే, బాధ్యత అతనిదే.

మజల్లా టర్కీలో 1926లో రద్దయింది. అరబ్బు దేశాలలో దాని తరువాత వచ్చిన శాసనాలలో ఆ హదీసు మాట మాత్రం నిలిచింది. 1951 నాటి ఇరాకు పౌరస్మృతి 221వ నిబంధన 'జుబార్' సూత్రంతో మొదలై, యజమాని తగినంత జాగ్రత్త తీసుకోలేదని రుజువైతే అతడే బాధ్యుడని ముగుస్తుంది. 1976 నాటి జోర్డాను పౌరస్మృతి 289వ నిబంధన కూడా అదే సూత్రాన్ని చెప్పి, వెంటనే "అయితే" అంటుంది: ఆ జంతువు ఎవరి అధీనంలో ఉందో, అతడు యజమాని అయినా కాకపోయినా, అలసత్వం గాని అతిక్రమణ గాని చేసి ఉంటే, నష్టం అతనిదే. 1948 నాటి ఈజిప్టు పౌరస్మృతి మరింత ముందుకు వెళ్లింది. జంతువు తప్పించుకుపోయి చేసిన నష్టానికి కూడా దాని కాపరే బాధ్యుడు. తన ప్రమేయం లేని కారణం వల్ల జరిగిందని నిరూపించుకోవలసిన భారం అతనిదే.

పదమూడు వందల ఏళ్ల చర్చ ఆ "అయితే" అన్న ఒక్క మాటలో ఇమిడి ఉంది. జంతువు నిర్దోషి అన్న సిద్ధాంతాన్ని ఫఖీహులు ఎక్కడా సడలించలేదు. ఆ నిర్దోషిత్వాన్ని యజమానికి బదిలీ చేయడానికి మాత్రం వారు అంగీకరించలేదు. మజ్హబుల మధ్య భేదం, యజమాని ఎరుక ఎప్పుడు మొదలైనట్లు లెక్కించాలన్న దగ్గరే. కొందరికి జంతువు అలవాటే చాలు. కొందరికి పొరుగువాని హెచ్చరిక కావాలి.

దీనినిబట్టి యజమానికీ, పొరుగువానికీ చెరొక విధి ఏర్పడుతున్నది. తన కుక్క ఒకసారి పళ్లు చూపిందని ఎరిగిన యజమాని గొలుసు కొనవలసిన రోజు ఆ రోజే. ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగనవసరం లేదు. చూసిన పొరుగువాడు "మనకెందుకు" అని ఊరుకోక, మర్యాదగా, వీలైతే నలుగురి ఎదుట, ఆ మాట చెప్పడం ధర్మం. అతని నోటిమాట తరువాత ఒక తల్లికి న్యాయం దక్కడానికి ఆధారం కావచ్చు. ఈ ఇద్దరూ తమ పని చేసిన వీధిలో పిల్లలు నిర్భయంగా ఆడుకుంటారు. కుక్క కూడా దెబ్బలు తినకుండా, తన గింజల కాపు తాను కాచుకుంటూ బతుకుతుంది.